యూదుల దశమభాగ నియమము

దానము మంచిదని చెప్పని మతము లోకమున లేదు. అయితే ఎంత దానము చేయవలెను, ఎప్పుడు చేయవలెను, ఎవరికి ముందుగా చేయవలెను అని యడిగినప్పుడు మాత్రము మనలో పెక్కుమంది “మనసు కొలది” యని యుత్తరమిచ్చి యూరకుందురు. ఈ మనసుయొక్క కొలత యెన్నడును నిలుకడగా నుండునది కాదు. బిడ్డకు ఉద్యోగమైన దినమున నొక కొలత, పన్ను కట్టిన దినమున నొక కొలత. అర్థించువాడు చదువుకొన్నవాడైన నొక కొలత, చింపిరిగుడ్డల వాడైన నొక కొలత. ఆకలి యన్ననో యెవనికైనను ఏ దినమందైనను ఒకటియే. గడియకొక తీరున మారు దాత మనసును నమ్ముకొని, మారని యాకలి బ్రదుకవలసి వచ్చుట న్యాయమా? ఈ ప్రశ్నకు యూదుల ధర్మశాస్త్రము చిరకాలము క్రిందటనే యొక సమాధానము చెప్పినది. ఆదాయము చేతికి వచ్చినప్పుడే అందు పదవ పాలు తీసి వేరుగా నుంచవలెననియు, మిగిలిన తొమ్మిది పాళ్లే తనవని యెంచుకొనవలెననియు ఆ సమాధానము. దీనిని వారు హీబ్రూ భాషలో “మఆసేర్ కెసాఫీం” అందురు. ధనముయొక్క దశమభాగమని యర్థము. ఈ నియమము ఎట్లు పుట్టినది, దీని లెక్క యెట్టిది, దీని యాంతర్యమేమి అను విషయములను ఇచ్చట క్రమముగా విచారింతము.

మొట్టమొదట నొక మాటను గూర్చి చెప్పవలసియున్నది. యూదులు దానమును “త్సెదాకా” యందురు. ఇది “త్సెదెక్” అను మాటకు చుట్టము. త్సెదెక్ అనగా న్యాయము. కరుణను, ప్రేమపూర్వకమైన యుపకారమును చెప్పుటకు వారి భాషలో “హెసెద్” అను మాట వేరుగా నున్నది. అయినను పేదకు ధనమిచ్చుటను వారు న్యాయపు మాటతోనే వ్యవహరించిరి. ఇది తెలుగువారికి వింతగా తోచనక్కరలేదు. న్యాయాధిపతి కూర్చుండు పీఠమును మనము ధర్మాసనమందుము. బాటసారికి అన్నము పెట్టు నింటిని ధర్మసత్రమందుము. వాకిట నిలిచిన బిచ్చగాడు “ధర్మము చేయుడు” అని యడుగును. అనగా మన భాషయందును న్యాయమునకు, దానమునకు పేరొక్కటియే. మనము ఆ మాటను నిత్యము పలుకుచున్నను, అందలి మొదటి యర్థమును మరచి రెండవదానినే పట్టుకొంటిమి. యూదుల శాస్త్రకారులు రెంటిని విడదీయనీయలేదు. వారి దృష్టిలో పేదవానికి ఇయ్యని ధనవంతుడు దయలేనివాడు మాత్రమే కాడు, బాకీ తీర్చనివాడు.

ఈ నియమమునకు పునాది మోషే ధర్మశాస్త్రమునందున్నది. అబ్రాహాము తనకు లభించినదానిలో పదవ వంతును మెల్కీసెదెకు అను రాజయాజకునకు ఇచ్చెననియు, యాకోబు బేతేలునందు దేవుడు తనకు ఇచ్చు సమస్తములో పదవ వంతు తిరిగి యిత్తునని మ్రొక్కుకొనెననియు ఆదికాండమున కలదు. తరువాత ఇస్రాయేలీయులు వ్యవసాయదారులైనపుడు పంటమీద దశమభాగములు విధింపబడెను. మొదటి దశమభాగము లేవీయులకు; ఏలయనగా వారికి భూమిలో పాలు లేదు. లేవీయులు తమకు వచ్చినదానిలో పదవ వంతును మరల యాజకులకు ఇయ్యవలెను. పుచ్చుకొనువాడును ఇచ్చువాడే యను సూత్రము ఆనాడే కలదన్నమాట. రెండవ దశమభాగము స్వంతదారుడు యెరూషలేమునకు కొనిపోయి యచ్చటనే భుజింపవలసినది. అయితే ఏడేండ్ల చక్రములో మూడవ యేటను, ఆరవ యేటను ఈ రెండవ భాగమునకు మారుగా పేదల దశమభాగము ఈయవలెను. ఏడవ యేట భూమికే విశ్రాంతి గనుక దశమభాగము లేదు.

ఇంతియే కాదు. పొలము కోయునప్పుడు అంచులను కోయక విడువవలెను. జారిన వెన్నులను మరల ఏరుకొనరాదు. మరచిన పనకొరకు వెనుకకు పోరాదు. ఇవన్నియు పేదలకును, పరదేశులకును, తండ్రిలేని బిడ్డలకును, విధవలకును చెందినవి. మోయాబు దేశమునుండి వచ్చిన విధవ రూతు, బోయజు పొలమున పరిగె యేరుకొని అత్తను పోషించిన కథ యందరెరిగినదే. రూతు అచ్చట బిచ్చమెత్తలేదు. శాస్త్రము తనకిచ్చిన హక్కును వినియోగించుకొన్నది. వంగి యేరుకొనుటలో శ్రమ యున్నది గాని చేయి చాచుటలోని సిగ్గు లేదు.

క్రీస్తు శకము 70వ సంవత్సరమున రోమను సైన్యము యెరూషలేము దేవాలయమును నేలమట్టము చేసెను. తరువాతి శతాబ్దములలో యూదులు దేశదేశములకు చెదరి, పెక్కుచోట్ల పొలము విడిచి వర్తకమున, చేతిపనులలో జీవింపవలసినవారైరి. పంట లేనివానికి పంటలో పదవ పాలు ఎక్కడిది? అప్పుడు శాస్త్రకారులు ధర్మము పంటతో ముగియదనియు, ధాన్యమైనను నాణెమైనను ఆదాయము ఆదాయమే యనియు చెప్పిరి. సముద్రముపై వ్యాపారము చేయువారు కూడ తమ లాభములో పదవ వంతు శాస్త్రాధ్యయనము చేయువారికి ఈయవలెననుటకు ధర్మశాస్త్ర వాక్యమునందే సూచన యున్నదని తన్హూమా యను ప్రాచీన వ్యాఖ్య చెప్పుచున్నది. ధనపు దశమభాగము మోషే విధియా, పిమ్మటి గురువుల విధియా, లేక సదాచారమా యను వాదము వారిలో నేటికిని తీరలేదు. వాదము తీరకున్నను ఆచారము నిలిచినది. నిష్ఠగల యూదులు పెక్కుమంది నేటికిని దీనిని పాటించుచున్నారు.

ఇక పరిమాణమును గూర్చి. యోసేఫ్ కారో రచించి 1565వ సంవత్సరమున వెనిసు నగరమున ముద్రింపబడిన “షుల్హాన్ ఆరూఖ్” అను ధర్మసంగ్రహము మూడు మెట్లను చెప్పుచున్నది. శక్తిగలవాడు పేదల యవసరము ఎంతయో అంతయు ఈయవలెను. అంత శక్తి లేనివాడు అయిదవ వంతు ఇచ్చిన ఉత్తమము. పదవ వంతు ఇచ్చిన మధ్యమము. అంతకు తక్కువ ఇచ్చువాడు లోభి. కాబట్టి పదవ వంతు గొప్ప దాతలకు పెట్టిన గురి కాదు, సామాన్య గృహస్థునకు పెట్టిన నడిమి మెట్టు. ఇంకను క్రిందివానిని కూడ శాస్త్రము విడువలేదు. ఏటికి షెకెలు అను నాణెములో మూడవ వంతైనను ఈయనివాడు విధి తీర్చినవాడు కాడు. దానముమీద బ్రదుకు పేద సైతము తనకు వచ్చినదానిలో కొంత మరియొకని కీయవలెను. ఈ చివరి మాట కఠినమని తోచవచ్చును. మాకు మాత్రము ఇందు గొప్ప మర్యాద కనబడుచున్నది. ఇచ్చు హక్కును పోగొట్టుకొన్నవాడు సంఘమున సగము మనిషి. శాస్త్రము పేదను అట్టి సగము మనిషిగా నుండనీయలేదు.

క్రింది హద్దు వలెనే పై హద్దును కలదు. గలిలయలోని ఊషా యను నూర సమావేశమైన గురువులు, ఎవడును తన సొత్తులో అయిదవ వంతునకు మించి దానము చేయరాదని కట్టడి చేసిరని తాల్ముదు చెప్పుచున్నది. హద్దుమీరి యిచ్చి తానే పరులపై పడువాడు పేదల సంఖ్యను తగ్గించినవాడు కాడు, ఒకటి పెంచినవాడు. మరణకాలమున చేయు ఏర్పాటునకు మాత్రము ఈ హద్దు వర్తింపదు.

లెక్క యెట్లనగా: వర్తకుడు సరకు వెలను, అంగడి బాడుగను, పనివారి జీతములను తీసివేసి మిగిలిన లాభమునకు పదవ వంతు కట్టవలెను. ఒక వ్యాపారమున నష్టము, మరియొకదానిలో లాభము వచ్చినచో లెక్క ముగించు గడువులోపల రెంటిని కూడికతీసివేత చేసికొనవచ్చును. ఇంటి భోజనము, బట్టలు, పెండ్లిండ్లు మొదలగు గృహవ్యయమును మాత్రము ముందుగా తీసివేయరాదు. ఆదాయముమీది పన్నును తీసివేయవచ్చునని సామాన్యముగా నొప్పుకొందురు. నెలకు 50,000 రూపాయల వేతనము గలవాడు 5,000 పన్ను కట్టుననుకొందము. అప్పుడు మిగిలిన 45,000లో 4,500 పేదలది. వారసత్వముగా వచ్చిన సొత్తునుండియు భాగము తీయవలెను. గృహవ్యయము పోగా మిగిలినదానిలో పదవ వంతు అనినచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. ఖర్చు ఎప్పుడును ఆదాయము వెంబడి పెరుగుచునే యుండును. పేదకు మిగులునది శూన్యము. ముందుగా తీయవలెనన్న చిన్న నియమములోనే ఈ వ్యవస్థయొక్క ప్రాణమంతయు నున్నది.

ఇట్లు తీసిన ధనమును దేనికి వాడవచ్చునన్న విషయమున గురువులు వకీళ్లకంటె సూక్ష్మముగా విచారించిరి. మోషే ఇస్సెర్లెస్ అను క్రాకో నగర గురువు, ఇది పేదలకే గాని ప్రార్థనాలయ దీపములు మొదలగు ఇతర పుణ్యకార్యములకు కాదని చెప్పెను. ఇంతకుముందే తాను ఈయవలసియున్న బాకీలను ఇందునుండి తీర్చరాదు. శక్తియుండియు తలిదండ్రులను పేదల పాలిటి ధనముతో పోషించువానిని తాల్ముదు శపించుచున్నది; కన్నవారి పోషణము ధర్మఖాతాలో వ్రాసికొనదగినది కాదు. ఇచ్చుటలో క్రమము కూడ కలదు: ముందు బంధువులలోని పేదలు, పిమ్మట తన యూరివారు, పిమ్మట పరాయి యూరివారు. అన్యమతస్థులగు పేదలను సైతము శాంతి నిమిత్తము తమ పేదలతో పాటు పోషింపవలెనని తాల్ముదు విధించినది. మానవులందరు నొక్కటే యన్న కారణము చెప్పక శాంతి నిమిత్తమనుట మాకు కొంత కొరతగా తోచును. అయినను పగవారి నడుమ అల్పసంఖ్యాకులై యున్నకాలమున ఆ మాత్రము విధించుటయు సామాన్యము కాదు.

ఒకసారి వేరు చేసిన ధనము ఎవరిది? దానిని ఎవరికి ఇయ్యవలెనో నిర్ణయించు స్వాతంత్ర్యము స్వంతదారునకు కలదు. ఇయ్యకుండు స్వాతంత్ర్యము మాత్రము లేదు. మేము న్యాయవాద వృత్తిలోనివారము గనుక ఈ స్థితిని ధర్మకర్త స్థితియని చెప్పుదుము. ధనము అతని పెట్టెలోనే యున్నను అతడు దాని యజమానుడు కాడు. మరియు ముమ్మారు చేసిన యాచారము మ్రొక్కుతో సమానమగునని వారి నమ్మకము. కాబట్టి క్రొత్తగా నారంభించువాడు “ఇది మ్రొక్కు కాదు” అని ముందుగా చెప్పుకొనుట మేలని గురువులు సలహా ఇచ్చిరి. కష్టకాలమున నియమము ఉరిత్రాడు కాకుండుటకు ఇది రక్షణ.

వ్యక్తి చేయు ఈ లెక్కకు తోడుగా ఊరిలో “కుప్పా” యను ధర్మనిధి యుండెడిది. దీని ధనమును ఇద్దరు కలసి వసూలు చేయవలెను, ముగ్గురు కూర్చుండి పంచవలెను. ఇయ్యనివానిని ధర్మాసనము నిర్బంధింపవచ్చును. వసూలు చేయువాడు త్రోవలో దొరకిన నాణెమునైనను తన సంచిలో వేసికొనరాదు. నిధిలోని చిల్లరను మార్చవలసినప్పుడు తనతో కాక పరులతోనే మార్చవలెను. దొంగయని యనుమానించి కాదు, అనుమానమునకు చోటీయకుండుటకు. పుచ్చుకొనువానికిని నియమములు కలవు. రెండు పూటల కూడున్నవాడు నిత్యాన్నపు పళ్లెమునుండియు, పదునాలుగు పూటల కూడున్నవాడు వారపు నిధినుండియు తీసికొనరాదని మిష్నా గ్రంథము చెప్పుచున్నది.

ఇవి గ్రంథములలోని మాటలు మాత్రమేనా, ఆచరణలో నుండెనా యని యడుగవచ్చును. కైరో చెంతనున్న ఫుస్తాతు నగరమున బెన్ ఎజ్రా ప్రార్థనాలయపు గదిలో శతాబ్దములుగా పోగుపడిన పాతకాగితములను సాలొమన్ షెక్టర్ పండితుడు 1896–97లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చేర్చెను. వానిలో వారమునకు రెండుమారులు పేదలకు పంచిన రొట్టెల పట్టికలు, పుచ్చుకొన్నవారి పేర్లు, చందాదారుల లెక్కలు బయటపడెను. ఎవ్వరును చదువుదురని వ్రాయని యా చిల్లర లెక్కలే ఈ ధర్మమునకు మిక్కిలి బలమైన సాక్ష్యము.

లెక్క సరిగా నున్నంతమాత్రమున చాలదు, ఇచ్చు తీరును కావలెను. 12వ శతాబ్దమున ఈజిప్టున నివసించిన వైద్యుడును తత్త్వవేత్తయు నగు మైమోనిడీసు దానమునకు ఎనిమిది మెట్లు చెప్పెను. మొగము ముడుచుకొని యిచ్చుట అట్టడుగు మెట్టు. తగినంత కాకున్నను చిరునవ్వుతో నిచ్చుట దానికి పైది. అడిగిన పిమ్మట ఇచ్చుట, అడుగకముందే యిచ్చుట అంతకు పైవి. ఇచ్చినవాడు పుచ్చుకొన్నవాని నెరుగకయు, పుచ్చుకొన్నవాడు ఇచ్చినవాని నెరుగకయు నుండుట మిక్కిలి పై మెట్లలోనిది. అన్నింటికి పైమెట్టు ఏదనగా, పడిపోవుచున్నవానికి బహుమానమో అప్పో ఇచ్చి, లేక వ్యాపారమున పాలిచ్చి, లేక పని చూపి, అతడు మరల చేయి చాపనక్కరలేకుండ నిలువబెట్టుట. రాదిన్ గ్రామమున నివసించిన ఇస్రాయేల్ మేయిర్ కగాను (1838–1933) తన 1888నాటి గ్రంథమున వడ్డీలేని అప్పులకై నిధులు నెలకొల్పుటను గట్టిగా ప్రోత్సహించెను. అట్టి నిధులు నేటికిని యూదుల సంఘములలో పెక్కు కలవు. అప్పుగా నిచ్చిన రూపాయి తిరిగివచ్చి మరియొకని నిలబెట్టును గదా!

ఇప్పుడు మన పాఠకులు వేయదగిన యాక్షేపణలను విచారింతము.

మొదటిది: కొలత పెట్టిన చోట కరుణ చల్లబడునందురు. తాల్ముదులోని మార్ ఉక్వా కథ దీనికి సమాధానము. ఆయన యొక పేదవాని గుమ్మమున ప్రతిదినము రహస్యముగా నాలుగు నాణెములు వేయుచుండెను. ఒకనాడు పేదవాడు, ఈ మేలు చేయువాడెవ్వడో చూతమని బయటికి వచ్చెను. మార్ ఉక్వా, వెంటనున్న భార్యయు అతని కంటబడకుండ పరుగెత్తి నిప్పు ఊడ్చివేసిన వేడి ఆవములో దాగిరి. ఆయన పాదములు కాలెను, ఆమె పాదములు కాలలేదు. ఏలయనగా ఆమె యింటనుండి ఆకలిగొన్నవారికి వండిన కూడే పెట్టుచుండెను. ఆమె మేలు తక్షణమే కడుపు నింపెడిది. ఈ మార్ ఉక్వాయే మరణకాలమున తన ధర్మపు లెక్కలను తెప్పించుకొని చూచి, దీర్ఘప్రయాణమునకు దారిబత్తెము చాలలేదని తలచి, ఉన్నదానిలో సగము పంచిపెట్టెను. పేదవానికి సిగ్గు కలుగనీయరాదని నిప్పులో నిలిచిన మనుష్యుడే లెక్కల పుస్తకమును ఉంచుకొన్న మనుష్యుడును. లెక్క ఆయన కరుణను చల్లార్చలేదు. కరుణ లేని దినములలో కూడ పేదవాని నాలుగు నాణెములు తప్పిపోకుండ కాచినది.

రెండవది: పదవ వంతు అందరికి సమానమని పేరే గాని సమానము కాదందురు. ఇది బలమైన యాక్షేపణ. నెలకు 10,000 తెచ్చువాని 1,000 బియ్యపు కుండలోనుండి పోవును; 10,00,000 తెచ్చువాని 1,00,000 విలాసములోనుండి పోవును. తన జీవనము ముందనియు, అది గడవనివానికి దశమభాగపు బాధ్యత లేదనియు గురువులు చెప్పుటచేత ఈ దోషము కొంత తీరుచున్నది. శక్తిగలవానికి పేదల యవసరమే కొలతయనుటచేత మరికొంత తీరుచున్నది. పూర్తిగా తీరలేదు. ధనవంతులు పై మెట్టును విడిచి నడిమి మెట్టుననే నిలిచి తృప్తిపడినచో ఆ తప్పు శాస్త్రముది కాదు, దానిని తమకు అనుకూలముగా చదువుకొన్నవారిది.

మూడవది: దశమభాగమిచ్చిన ధనము పెరుగునన్న యాశ దీనికి అంటుకొనియున్నదందురు. నిజమే. దేవుని పరీక్షింపరాదన్న నియమమునకు ఈ యొక్క విషయమున మినహాయింపు కలదని, మలాకీ ప్రవక్త మాటను బట్టి తాల్ముదు చెప్పుచున్నది. హీబ్రూ భాషలో పది యను మాటయు ఐశ్వర్యమను మాటయు అక్షరములలో దగ్గరివి గనుక, పదవ వంతు ఇచ్చిన ధనికుడవగుదువన్న శ్లేషయు పుట్టినది. లాభాపేక్షతో చేసిన ధర్మము వర్తకమే యని మా యభిప్రాయము. కాని పేద కడుపునకు దాత యుద్దేశముతో పనిలేదు. మంచి యుద్దేశము పుట్టువరకు అన్నము ఆపుటకంటె, అన్నము పెట్టుచు ఉద్దేశమును శుద్ధి చేసికొనుట మేలు.

ఈ విచారణవలన తేలిన దేమనగా, యూదుల ధర్మశాస్త్రము మనుష్యుని మంచితనమును నమ్మలేదని కాదు. దానిమీదనే పేదవాని బ్రదుకును వ్రేలాడదీయ నొల్లలేదు. మనము ఇంటి బాడుగను మనసు కొలది కట్టము, పాలవాని బాకీని మనసు కొలది తీర్చము. పేదవాని పాలును మాత్రము ఎందుకు మనసునకు విడిచిపెట్టితిమి? పదవ వంతు కాకున్న ఇరువదవ వంతు, అదియు కాకున్న నలువదవ వంతు. ఎవరి శక్తికొలది వారు ఒక పాలు నిర్ణయించుకొనవచ్చును. నిర్ణయించుకొన్న పాలును వచ్చే నెల జీతము చేతికందిన దినముననే, ఇంటి ఖర్చుల పద్దులకు పైన, మొదటి పద్దుగా వ్రాసి వేరు చేయుడు. సంవత్సరాంతమున ఆ పుటను విప్పి కూడి చూచుకొనుడు. ఎంత ఇచ్చితిమో అప్పుడు తెలియును. ఇంతకుముందు ఎంత ఇచ్చితిమని మనము అనుకొనుచుంటిమో అదియు తెలియును.